తక్కువ ధరలో తేలికైన ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ఏం చూడాలి, ఏం వదిలేయొచ్చు

రోజువారీ వాడకం అంటే మనలో ఎక్కువమందికి ఏముంటుంది చెప్పండి, క్రోమ్‌లో ఓ పదిహేను ట్యాబులు, యూట్యూబ్, వర్డ్, ఎక్సెల్, జూమ్ మీటింగులు, ఆన్‌లైన్ క్లాసులు, పీడీఎఫ్‌లు, బ్యాంకు పనులు, రాత్రిపూట ఓ సినిమా. వీటికి డెబ్భై ఎనభై వేలు పెట్టాల్సిన అవసరం అస్సలు లేదు. అలాగని పాతిక వేలకే వస్తుంది కదా అని కళ్లు మూసుకుని ఏదోటి తీస్కుంటే మూడు నాలుగేళ్లు రోజూ విసుక్కుంటూ వాడాల్సొస్తుంది. డిగ్రీ, పీజీ పిల్లలు, గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లు, టీచర్లు, ఇంటి నుంచి చిన్న పని చేసుకునేవాళ్లు, వీళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా. బడ్జెట్ సుమారు 30 నుంచి 45 వేలు అనుకుందాం. 2025 చివర్నుంచి ర్యామ్ (తెరిచిన పనులు నడిచే మెమరీ), ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే స్టోరేజ్) రేట్లు బాగా పెరిగాయి కాబట్టి పాత వీడియోల్లో చెప్పిన ధరలు పట్టుకుని షాపుకెళ్తే కుదరదు, ఆ రోజు రేటు ఆ రోజు చూస్కోవాల్సిందే.

ముందే ఓ మాట. బీటెక్‌లో సాలిడ్‌వర్క్స్, రివిట్ లాంటి బరువైన డిజైన్ సాఫ్ట్‌వేర్లు నడపాల్సినవాళ్లు, సీరియస్‌గా వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు, గేమ్స్ ఆడేవాళ్లు, మీకు గ్రాఫిక్స్ కార్డు ఉన్న బరువైన మెషినే కావాలి, ఇది మీ కోసం కాదు. కోడింగ్ నేర్చుకునే సీఎస్ఈ వాళ్లకి మాత్రం 16 జీబీ ర్యామ్ ఉంటే ఇక్కడ చెప్పేది హాయిగా సరిపోతుంది.

ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఒకటే. కొన్నాక మార్చుకోగలిగేవి ఏవి, ఎప్పటికీ మార్చలేనివి ఏవి అని విడదీస్కోండి, ఉన్న డబ్బులు ఆ మార్చలేనివాటి మీద పెట్టండి. ఎస్ఎస్‌డీ తర్వాత పెద్దది వేయించుకోవచ్చు, కొన్ని మోడల్స్‌లో ర్యామ్ కూడా పెంచుకోవచ్చు, మౌస్ కొనుక్కోవచ్చు, స్పీకర్ బాలేకపోతే ఇయర్‌ఫోన్స్ ఉన్నాయి. స్క్రీను, బరువు, కీబోర్డు, బాడీ, హింజ్‌లు (మూత తిరిగే కీళ్లు), ప్రాసెసర్, బోర్డుకే అతికించేసిన ర్యామ్, ఇవి మాత్రం కొన్న రోజు ఎలా ఉన్నాయో చివరిదాకా అంతే. షాపులో మనకి చెప్పేవన్నీ మొదటి రకం సంగతులే ఉంటాయి, 512 ఎస్ఎస్‌డీ సార్, బ్యాగు ఫ్రీ సార్, మౌస్ ఫ్రీ సార్ అంటారు. స్క్రీన్ ఎన్ని నిట్స్ (వెలుతురు కొలత) బాబూ, ఛార్జర్‌తో కలిపి బరువెంత అని అడిగి చూడండి, చాలా చోట్ల ఫోన్ తీసి వెతకడం మొదలెడతారు. అందుకే ఇవి మనమే ఇంట్లో చూస్కుని వెళ్లాలి.

బరువు సంగతి ముందు చూద్దాం, తేలికైనది కావాలనే కదా వచ్చాం. 15.6 అంగుళాల మామూలు బడ్జెట్ ల్యాప్‌టాప్‌లు 1.6 నుంచి 1.8 కేజీల దాకా ఉంటాయి, 14 అంగుళాలవి 1.4, 1.5 దగ్గర ఉంటాయి. వినడానికి పావు కేజీ తేడానే, కానీ దిల్‌సుఖ్‌నగర్ నుంచి మియాపూర్ దాకా మెట్రోలో నిలబడి వెళ్లేవాళ్లకి, పుస్తకాలూ వాటర్ బాటిలూ క్యారేజీ ఉన్న బ్యాగులోనే దీన్నీ పెట్టుకుని బస్సెక్కేవాళ్లకి ఆ తేడా భుజానికి తెలుస్తుంది. అన్నిటికన్నా ఎవరూ లెక్కేసుకోనిది ఛార్జర్. లావుపాటి త్రీ పిన్ వైరు, మధ్యలో ఇటుక లాంటి డబ్బా, అంతా కలిపి దగ్గర దగ్గర మూడొందల గ్రాములు అవుతుంది. 1.4 కేజీల ల్యాప్‌టాప్ అనుకుని కొంటే బ్యాగులో మోసేది 1.7. కాబట్టి యూఎస్‌బీ సీ ద్వారా ఛార్జ్ అయ్యేది దొరికితే దానికి ఒకట్రెండు వేలు ఎక్కువైనా పెట్టండి, అప్పుడు అరచేతిలో పట్టే 65 వాట్ల చిన్న ఛార్జర్ ఒక్కటే ఫోనుకీ ల్యాప్‌టాప్‌కీ పనికొస్తుంది, ఇంట్లో ఒకటి ఆఫీసులో ఒకటి పెట్టేసుకోవచ్చు. కాకపోతే సీ పోర్టు ఉన్నంత మాత్రాన దాంతో ఛార్జ్ అవుతుందని లేదు, తక్కువ ధర మోడల్స్‌లో చాలావాటికి సీ పోర్టు డేటాకి మాత్రమే పనిచేస్తుంది, ఛార్జింగ్‌కి పక్కన గుండ్రటి పిన్ విడిగా ఉంటుంది. స్పెసిఫికేషన్‌లో పవర్ డెలివరీ అని స్పష్టంగా రాసి ఉండాలి, లేకపోతే లేదనే అనుకోండి.

తేలికగా ఉంది కదా అని సంబరపడేముందు ఆ తేలిక ఎక్కడ్నుంచి వచ్చిందో కూడా చూడండి. ఖరీదైన వాటిలో మంచి మెటల్ వాడి బరువు తగ్గిస్తారు, చవకవాటిలో బ్యాటరీ చిన్నది పెట్టి తగ్గిస్తారు. బ్యాటరీని గంటల్లో చెప్పే మాట పక్కన పెట్టి వాట్ అవర్స్ (బ్యాటరీలో పట్టే కరెంటు) ఎంతో చూడండి, అదొక్కటే నమ్మదగ్గ అంకె. లెక్క చాలా సులువు. బ్రౌజింగ్, టైపింగ్ చేస్తుంటే ఇలాంటి మెషిన్ గంటకి సుమారు 7 వాట్ అవర్స్ తింటుంది అనుకుంటే 42 వాట్ అవర్స్ బ్యాటరీ ఆరు గంటలు వస్తుంది, జూమ్ మీటింగ్‌లో అది 13, 14 దాకా పోతుంది కాబట్టి అదే బ్యాటరీ మూడు గంటలే. 36, 38 ఉన్నవి కూడా అమ్ముతున్నారు, ఛార్జర్ మోయకుండా కాలేజీకి వెళ్దామనుకుంటే అవి వద్దు. 50కి దగ్గర్లో ఉన్నవి వెతకండి. కరెంటు పోతే పనాగిపోయే ఊళ్లలో ఉన్నవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం.

ఇక స్క్రీన్. నా లెక్కలో తక్కువ బడ్జెట్‌లో ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే, ఎందుకంటే షాపులో అన్ని మెషిన్లూ ఫుల్ బ్రైట్‌నెస్‌లో పెట్టి, మెరిసే రంగుల డెమో వీడియో వేసి ఉంచుతారు, అందులో ఏదైనా బాగానే కనిపిస్తుంది. ఆ వీడియో ఆపేయించండి. బ్రౌజర్ ఓపెన్ చేసి ఏదైనా తెలుగు పేపర్ సైట్ తెరిచి చిన్న అక్షరాల్లో ఉన్న వార్త ఒకటి చదవండి. లక్ష్మి, రాష్ట్రం, స్త్రీ, ఉత్కృష్టం లాంటి మాటల్లో కింద ఒత్తులు విడివిడిగా కనిపిస్తున్నాయా లేక నల్లటి మచ్చలా కలిసిపోతున్నాయా చూడండి. ఇంగ్లీషు అక్షరాలు తక్కువ రిజల్యూషన్‌లో కూడా ఎలాగోలా నెట్టుకొస్తాయి, మన ఒత్తులు, గుణింతాల దగ్గర మాత్రం గుట్టు బయటపడుతుంది. 1366 బై 768 స్క్రీన్ ఇప్పటికీ చవకవాటిలో వస్తోంది, ఎంత తక్కువకి ఇచ్చినా తీస్కోకండి, కనీసం 1920 బై 1080 ఉండాలి, 1920 బై 1200 దొరికితే ఇంకా మంచిది, పేజీ కొంచెం పొడుగ్గా కనిపిస్తుంది కాబట్టి చదువుకునేవాళ్లకి సుఖం. రెండోది, మూత వెనక్కి వంచి, పైనుంచి కిందినుంచి చూడండి, రంగులు తారుమారై మనుషుల మొహాలు నెగటివ్ ఫోటోలా కనిపిస్తే అది టీఎన్ ప్యానెల్, పక్కన పెట్టేయండి, ఏ వైపు నుంచి చూసినా రంగులు మారని ఐపీఎస్ రకమే కావాలి. మూడోది వెలుతురు. 220, 250 నిట్స్ గదిలో లైటు కింద సరిపోతుంది, కిటికీ పక్కనో వరండాలోనో కూర్చునేవాళ్లకి 300 ఉండాలి. రంగులకి 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటుంది చాలావాటికి, అంటే రంగులు కాస్త వెలిసినట్టు ఉంటాయని అర్థం, చదువుకోడానికీ టైపింగ్‌కీ ఏం ఇబ్బంది లేదు, ఫోటోల పని చేసేవాళ్లు మాత్రం 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్నది చూస్కోవాలి. ఈ ధరలో అన్నీ దొరకవు, అయినా రిజల్యూషన్, ఐపీఎస్ ఈ రెంటి దగ్గర మాత్రం రాజీ పడొద్దు, కళ్లు మనవి.

ర్యామ్ 8 జీబీ కన్నా తక్కువ ఉన్నది వద్దే వద్దు. విండోస్ 11కి 4 జీబీ చాలని రాసి ఉంటుంది, అది ఇన్‌స్టాల్ అవడానికి మాత్రమే, దాని మీద క్రోమ్ తెరిస్తే నత్తనడకే. 8తో నాలుగైదేళ్లు లాగాలంటే ఒకటి తెలుసుకోవాలి, ఆ 8 జీబీ బోర్డుకే అతికించేసి ఉందా, స్లాట్‌లో పెట్టి ఉందా అని. స్లాట్ ఉంటే ఇప్పుడు 8తో కొని, రేట్లు తగ్గినప్పుడు ఇంకో 8 వేయించుకోవచ్చు. అతికించేసింది అయితే 16 జీబీదే కొనండి, తర్వాత చేసేదేం లేదు. ఇది షాపులోనే తెలుసుకునే చిట్కా ఉంది, డెమో మెషిన్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పర్ఫార్మెన్స్, ఆ తర్వాత మెమరీ నొక్కండి. కింద ఫామ్ ఫ్యాక్టర్ అన్న చోట సోడిమ్ అని ఉంటే స్లాట్, రో ఆఫ్ చిప్స్ అని ఉంటే అతికించింది. ఎన్ని స్లాట్లలో ఎన్ని వాడారో కూడా అక్కడే చూపిస్తుంది. కొన్ని మోడల్స్‌లో సగం అతికించి సగానికి స్లాట్ ఇస్తారు, అదీ మంచిదే.

స్టోరేజ్‌లో చూడాల్సింది ఒకటే, ఈఎమ్ఎమ్‌సీ అని కనిపిస్తే వెనక్కి వచ్చేయండి. అది ఫోన్లలో, ట్యాబ్లెట్లలో వాడే రకం మెమరీ, బోర్డుకే అతికించి ఉంటుంది, సాధారణంగా 64 లేదా 128 జీబీ ఉంటుంది, విండోస్ అప్‌డేట్లకే సగం నిండిపోతుంది. ఎన్‌వీఎమ్ఈ అనే వేగమైన రకం ఎస్ఎస్‌డీ 256 జీబీ అయినా చాలు, తర్వాత పెంచుకోవచ్చు.

ప్రాసెసర్ పేర్ల దగ్గరికొస్తే ఓపిక పట్టి చదవండి, ఇక్కడ కంపెనీలు పెట్టిన పేర్లు మామూలు మనిషికి అర్థమయ్యేలా లేవు. ఐ3 అంటే తక్కువ, ఐ5 అంటే ఎక్కువ అనే లెక్క ఇప్పుడు పనిచేయదు. ఐ3-1115జీ4కి రెండే కోర్లు (పని పంచుకుని చేసే భాగాలు), 2022లో వచ్చిన ఐ3-1215యూకి ఆరు కోర్లు, రెండింటి మీదా ఐ3 స్టిక్కరే. సెలెరాన్ ఎన్4020, ఎన్4500 రెండు కోర్లవి, వాటి జోలికి వెళ్లకండి. 2023 నుంచి ఇంటెల్ ఆ సెలెరాన్, పెంటియం పేర్లు తీసేసి ఉత్త ఇంటెల్ ప్రాసెసర్ అని పెడుతోంది, అందులో ఎన్100 అనేది నాలుగు చిన్న కోర్లది, కరెంటు చాలా తక్కువ తింటుంది, చదువుకోడం, టైపింగ్, వీడియోలు చూడ్డం వరకే అయితే 8 జీబీ ర్యామ్‌తో పర్లేదు అనిపిస్తుంది, కానీ జూమ్‌లో స్క్రీన్ షేర్ చేస్తూ పక్కన ఎక్సెల్ తెరిస్తే తడబడుతుంది. ఎన్305 దాని అన్న లాంటిది, ఎనిమిది చిన్న కోర్లు, అది దొరికితే నయం.

ఏఎమ్‌డీ రైజెన్‌లో ఇంకో తిరకాసు. 7000 సిరీస్‌లో నాలుగంకెల నంబర్ ఉంటుంది కదా, అందులో మూడో అంకె చూడండి, చిప్ లోపలి డిజైన్ ఏ తరానిదో ఆ అంకె చెప్తుంది. 7520యూలో మూడో అంకె 2, అంటే 2019 నాటి జెన్ 2 డిజైన్, నాలుగు కోర్లు. 7530యూలో మూడో అంకె 3, అంటే జెన్ 3, ఆరు కోర్లు. రెండూ రైజెన్ 5 అనే పేరుతోనే పక్కపక్కనే ఉంటాయి, అంకెలో ఒక్క తేడా, పనిలో మాత్రం చాలా తేడా. పైగా 7320యూ, 7520యూ ఉన్న మెషిన్లలో ర్యామ్ ఎప్పుడూ అతికించే ఉంటుంది, ఆ చిప్ పనిచేసేదే ఆ రకం మెమరీతో, కాబట్టి వాటిలో 8 జీబీ కొంటే జీవితాంతం 8 జీబీయే, అందులోనూ కొంత గ్రాఫిక్స్‌కి పోతుంది. నా ఓటు అడిగితే ఈ బడ్జెట్‌లో ఐ3-1215యూ, రైజెన్ 5 5625యూ, 7530యూ, వీటిలో ఏది మంచి స్క్రీన్‌తో వస్తే అది. ఏఐ పీసీ, కోపైలట్ ప్లస్ అనే స్టిక్కర్లకి అదనంగా డబ్బులు కట్టకండి, పైన చెప్పిన రోజువారీ పనులకి వాటి అవసరం రాదు.

షాపుకెళ్లినప్పుడు చేతులతో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ల్యాప్‌టాప్‌ని టేబుల్ మీద పెట్టి మూత మధ్యలో ఒక వేలుతో నెమ్మదిగా ఎత్తండి. హింజ్ మరీ బిగుతుగా ఉంటే మూతతో పాటు కింది భాగం కూడా పైకి లేస్తుంది, అలా లేస్తే లోపల హింజ్ స్క్రూలు బిగించిన చిన్న ప్లాస్టిక్ గుంతల మీద రోజూ ఆ భారమంతా పడుతుందన్నమాట, చవక ల్యాప్‌టాప్‌లు ఏడాదిన్నర రెండేళ్లకి మూల దగ్గర విచ్చుకుని పగిలిపోవడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. స్క్రూ ఊడి ఆ ప్లాస్టిక్ ముక్క పగిలిందంటే పైభాగం ప్యానెలే మార్చాలి, చాలాసార్లు వారంటీలో ఒప్పుకోరు, ఫిజికల్ డ్యామేజ్ అంటారు. అందుకే ఇంటికి తెచ్చాక కూడా మూతని ఎప్పుడూ మధ్యలోనే పట్టుకుని తెరవండి, పిల్లలకీ అదే అలవాటు చేయండి, ఒక మూల పట్టుకుని లాగితే ఒక హింజ్ మీదే బరువంతా పడుతుంది. తర్వాత కీబోర్డు మధ్యలో జీ, హెచ్ కీల దగ్గర బొటనవేలితో కాస్త గట్టిగా నొక్కండి, కీబోర్డంతా కిందికి కుంగితే టైపింగ్ ఎక్కువ చేసేవాళ్లకి అది నచ్చదు. అక్కడే నిలబడి నాలుగు లైన్లు టైప్ చేసి చూడండి, ఎవరూ ఏమనుకోరు. కీబోర్డు లైటు ఉంటే మంచిది, హాస్టల్లో రూమ్మేట్ పడుకున్నాక చదివేవాళ్లకి చాలా ఉపయోగం, లేకపోయినా బతకొచ్చు. పక్కన నంబర్ ప్యాడ్ కావాలంటే 15.6కే వెళ్లాలి, అకౌంట్స్, ట్యాలీ చేసేవాళ్లు ఈ ఒక్కదాని కోసం పావు కేజీ ఎక్కువ మోయడంలో తప్పు లేదు.

పోర్టులు, వైఫై, కెమెరా గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రెండు మామూలు యూఎస్‌బీ, ఒక సీ, ఒక హెచ్‌డీఎమ్ఐ ఉంటే చాలు. కెమెరా ఈ ధరలో 720పీ దాటితే అదృష్టం.

క్రోమ్‌బుక్ గురించి చాలామంది అడుగుతారు. అన్ని పనులూ బ్రౌజర్‌లోనే అయిపోయేవాళ్లకి, ముఖ్యంగా స్కూల్ పిల్లలకీ ఇంట్లో పెద్దవాళ్లకీ అది నిజంగా మంచి వస్తువు, 2021 నుంచి వచ్చిన మోడల్స్‌కి మోడల్ విడుదలైన నాటి నుంచి పదేళ్లు అప్‌డేట్లు ఇస్తామని 2023లో గూగుల్ చెప్పింది. ఆ పదేళ్లు మీరు కొన్న రోజు నుంచి లెక్క కాదు, అది గుర్తుంచుకోండి. ట్యాలీ, డీటీపీ, అను ఫాంట్స్, పరీక్షలకి వాళ్లే ఇచ్చే విండోస్ సాఫ్ట్‌వేర్, ఇలాంటివి ఏవైనా అవసరం ఉంటే క్రోమ్‌బుక్ వద్దు. మ్యాక్‌బుక్ ఎయిర్ బడ్జెట్ దాటుతుంది, కానీ 2020 చివర్లో వచ్చిన ఎమ్1 మోడల్ 1.29 కేజీలే, ఫ్యానే లేదు, బ్యాటరీ రోజంతా వస్తుంది, సెకండ్ హ్యాండ్‌లో మంచి కండిషన్‌ది మీ బడ్జెట్‌కి కాస్త అటూ ఇటూగా దొరికితే ఆలోచించొచ్చు. అందులో ర్యామ్, స్టోరేజ్ రెండూ మార్చలేమని తెలిసే కొనాలి.

సెకండ్ హ్యాండ్ అంటే మొహం చిట్లించేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది, 25 వేల కన్నా తక్కువ బడ్జెట్ అయితే కొత్త చవక ల్యాప్‌టాప్ కన్నా పాత ఆఫీస్ ల్యాప్‌టాపే మేలు. పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి లాట్‌గా అమ్మేసేవి, లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ సిరీస్, ఇవి కొత్తగా ఉన్నప్పుడు చాలా ఖరీదైనవి, బాడీ, కీబోర్డు, హింజ్ అన్నీ గట్టివి. అంటే మనం పైన మార్చలేనివి అనుకున్నవన్నీ వీటిలో ముందే బాగుంటాయి, అరిగిపోయేవి బ్యాటరీ, ఎస్ఎస్‌డీ, అవి మార్చుకోవచ్చు. ఒకటే గీత, ఇంటెల్ 8వ తరం లేదా ఆ పైది ఉండాలి. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 అధికారికంగా 8వ తరం నుంచే. ఇక్కడే మోసం జరుగుతుంది, థింక్‌ప్యాడ్ టీ470, టీ480 పక్కపక్కన పెడితే తేడా కనిపెట్టలేరు, లాటిట్యూడ్ 7480, 7490 కూడా అంతే, మొదటివి 6 లేదా 7వ తరంతో, రెండోవి ఎక్కువగా 8వ తరంతో వచ్చేవి. కాబట్టి పేరు నమ్మకుండా సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్‌లోకి వెళ్లి ప్రాసెసర్ నంబర్ చూడండి, ఈ మోడల్స్‌లో అయితే ఐ5-8250యూ, 8350యూ ఇలా 8తో మొదలవ్వాలి. తేలికగా కావాలంటే లాటిట్యూడ్ 7490 సుమారు 1.4 కేజీలు, ఎలైట్‌బుక్ 840 జీ5 సుమారు 1.5, టీ480 సుమారు 1.6, ఈ మూడింటిలోనూ ర్యామ్‌కి రెండేసి స్లాట్లు ఉన్నాయి. టీ480కి లోపల ఒక బ్యాటరీ, వెనకాల ఊడదీసి మార్చుకునే బ్యాటరీ ఇంకొకటి, ప్రయాణాలు చేసేవాళ్లకి బాగుంటుంది. థింక్‌ప్యాడ్ ఎక్స్280 చాలా తేలిక, కానీ ర్యామ్ అతికించింది. వీటిలో కొన్ని పాత 1366 స్క్రీన్‌తో కూడా వస్తాయి, కొన్ని ఎలైట్‌బుక్‌లకి పక్కనున్నవాళ్లకి కనిపించకుండా చేసే ప్రైవసీ స్క్రీన్ ఉంటుంది, అది మనకే మసగ్గా కనిపిస్తుంది, రెండూ వద్దు.

పాతది కొనేటప్పుడు షాపులోనే మూడు పనులు చేయండి, అడ్వాన్స్ ఇవ్వకముందే. ఒకటి, ఆన్ చేసేటప్పుడు థింక్‌ప్యాడ్ అయితే ఎఫ్1, డెల్ అయితే ఎఫ్2, హెచ్‌పీ అయితే ఎఫ్10 నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగ్స్‌లోకి వెళ్లండి, పాస్‌వర్డ్ అడిగితే ఆ మెషిన్ వద్దు, పాత కంపెనీ తాళం ఇంకా తీయలేదన్నమాట. రెండు, విండోస్‌ని రీసెట్ చేయించి, మళ్లీ సెటప్ వచ్చినప్పుడు మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కనెక్ట్ చేసి చూడండి. ఏదో కంపెనీ పేరు వచ్చి ఆ కంపెనీ మెయిల్‌తో లాగిన్ అవ్వమంటే అది వాళ్ల సిస్టమ్‌లో ఇంకా రిజిస్టర్ అయ్యే ఉంది, నెట్ లేకుండా సెటప్ చేసి ఇచ్చేస్తే మనకి ఇది తెలియదు, తర్వాత ఎప్పుడు ఫార్మాట్ చేసినా అదే స్క్రీన్ వస్తుంది. మూడు, బ్యాటరీ రిపోర్ట్. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొడితే ఒక ఫైల్ తయారవుతుంది, అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ పక్కపక్కన ఉంటాయి, రెండోది మొదటిదాంట్లో 70 శాతం కన్నా తగ్గితే కొత్త బ్యాటరీ ఖర్చు తగ్గించి బేరమాడండి. హైదరాబాద్ వాళ్లకి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, అందరం సీటీసీ అనేదే, అక్కడ నాలుగు షాపులు తిరిగితే ఒకే మోడల్‌కి నాలుగు రేట్లు వినిపిస్తాయి, తొందరపడకుండా అన్నీ తిరిగాకే ఖాయం చేయండి, బిల్లు, రాతలో వారంటీ లేకుండా మాత్రం కొనకండి.

కొత్తది కొనేవాళ్లు దసరా ముందు ఆన్‌లైన్ సేల్స్ దాకా ఆగగలిగితే ఆగండి, లేకపోతే కాలేజీలు తెరిచే జూన్, జూలైలో స్టూడెంట్ ఆఫర్లు వస్తాయి. ఆర్డర్ పెట్టేముందు మోడల్ పేరుతో సరిపెట్టుకోకుండా పూర్తి మోడల్ కోడ్ కాపీ చేసి కంపెనీ సైట్‌లో వెతకండి, ఒకే పేరు మీద నాలుగైదు రకాల స్క్రీన్లు, ర్యామ్‌లు ఉంటాయి, చివర్లో రెండు అక్షరాల తేడాతో ఐపీఎస్ కాస్తా టీఎన్ అయిపోతుంది. నో కాస్ట్ ఈఎమ్ఐ అంటే వడ్డీ అంత డిస్కౌంట్ ముందే ఇస్తారు, బ్యాంకు మాత్రం వడ్డీ వేస్తుంది, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మనమే కట్టాలి. వడ్డీ 2,000 అయితే 360 జీఎస్టీ, పైన ఫీజు, అది లెక్కేసుకుని చూడండి. డాస్ అని రాసి ఉన్న ల్యాప్‌టాప్‌కి విండోస్ రాదు, షాపువాళ్లు క్రాక్ వేసిస్తాం అంటారు, బ్యాంకు లావాదేవీలు చేసే మెషిన్‌లో అలాంటిది అస్సలు వద్దు, లైసెన్స్ ఖర్చు కూడా కలిపి పోల్చండి. మీ ఊరికి దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఎక్కడుందో కంపెనీ సైట్‌లో పిన్‌కోడ్ కొట్టి చూస్కోండి, జిల్లా కేంద్రం నుంచి దూరంగా ఉన్నవాళ్లు ఇంటికే వచ్చి రిపేర్ చేసే ఆన్‌సైట్ వారంటీ ఉన్నదే తీస్కోండి.

అమెరికాలో ఉన్న అన్నయ్యతోనో అక్కతోనో తెప్పించుకుందాం అనుకునేవాళ్లు, 18 ఏళ్లు నిండినవాళ్లు తమతో ఒక ల్యాప్‌టాప్ కస్టమ్స్ డ్యూటీ లేకుండా తెచ్చుకోవచ్చు, ఛార్జర్‌కి ప్లగ్ కన్వర్టర్ ఉంటే చాలు, 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తాయి. కానీ అక్కడ సైట్‌లో కనిపించే రేటుకి ట్యాక్స్ కలపరు, వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ఆ మోడల్‌కి ముందే కనుక్కోవాలి. చవక మోడల్స్‌కి ఆ తంటా పడటం నాకైతే లాభంగా అనిపించదు.

ఇంటికొచ్చాక సీల్ తీసేటప్పటి నుంచి ఆన్ అయ్యేదాకా ఆపకుండా వీడియో తీయండి, రిప్లేస్‌మెంట్ అడగాల్సొస్తే అదే సాక్ష్యం. సెటప్ మాత్రం దయచేసి మీ సొంత మెయిల్‌తోనే చేయండి, షాపు కుర్రాడు నేను చేసిస్తానన్నా వద్దనండి. ఎందుకంటే ల్యాప్‌టాప్‌తో వచ్చే ఆఫీస్ లైసెన్స్ మొదట లాగిన్ అయిన అకౌంట్‌కే అతుక్కుపోతుంది. ఇంకా పెద్ద సంగతి, విండోస్ 11 కొత్త వెర్షన్లలో డిస్క్ తనంతట తానే లాక్ అయ్యేలా ఎన్‌క్రిప్షన్ ఆన్ అవుతుంది, దాని రికవరీ కీ సెటప్ చేసిన అకౌంట్‌లో సేవ్ అవుతుంది. ఏదైనా రిపేర్ తర్వాత ఆ కీ అడిగిందనుకోండి, అకౌంట్ ఇంకెవరిదో అయితే మీ ఫోటోలు, ప్రాజెక్టులు, సర్టిఫికెట్లు అన్నీ మీ ముందే ఉండి మీకు దొరకవు. మీ అకౌంట్‌లోకి వెళ్లి ఆ 48 అంకెల కీ ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

తర్వాత సెట్టింగ్స్‌లో లాంగ్వేజ్‌లోకి వెళ్లి తెలుగు చేర్చి ఫొనెటిక్ కీబోర్డు పెట్టుకుంటే ఇంగ్లీషు అక్షరాలతో కొట్టినా తెలుగు వచ్చేస్తుంది, విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది, వేరే సాఫ్ట్‌వేర్ ఏదీ వేయక్కర్లేదు. ఎప్పుడూ ప్లగ్‌లోనే పెట్టి వాడేవాళ్లు కంపెనీ యాప్‌లోనో బయోస్‌లోనో ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టండి, రామగుండం, రెంటచింతల ఎండల్లో ఫుల్ ఛార్జ్‌తో వేడెక్కుతూ ఉండే బ్యాటరీ త్వరగా దెబ్బతింటుంది. పరుపు మీద, దిండు మీద పెట్టి వాడకండి, గాలి వెళ్లే దారి కిందే ఉంటుంది. కంపెనీ సైట్‌లో సీరియల్ నంబర్ కొట్టి వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో చూడండి, మీ బిల్లు తేదీ కన్నా ముందుంటే బిల్లు అప్‌లోడ్ చేసి సరిచేయించుకోవచ్చు. రిటర్న్ గడువు చాలాచోట్ల వారం రోజులే కాబట్టి ఆ వారంలోనే ప్రతి పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టి, ఇయర్‌ఫోన్ పెట్టి, స్క్రీన్ మొత్తం తెలుపు, నలుపు చేసి చుక్కలేమైనా ఉన్నాయా చూసి, ఒక సినిమా మొత్తం బ్యాటరీ మీదే నడిపి, ఒక పూట జూమ్ కాల్‌లో కూర్చుని చూడండి, ఏ తేడా కనిపించినా మొహమాటపడకుండా వెంటనే రిక్వెస్ట్ పెట్టేయండి.